డజన్ల లెక్కన పెరిగే సముద్రం

గురునాథరావుకి సముద్రం గురించి ఏమీ తెలియదు. ఇరవై ఆరేళ్లపాటు దాని లెక్కలు రాశాడు, అంతే. ఆ రెండూ ఒకటేనని ఆయన నమ్మకం. అలాంటి నమ్మకం ఉన్నవాళ్లు కూర్మన్నపాలెంలో వీధికి నలుగురుంటారు. కాకపోతే వాళ్లు పుస్తకాలు రాయరు. ఈయన ఒకటి రాశాడు. దాన్ని టైపు చేసే పని నా నెత్తిన పడింది.

ఆయనది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. తొంభై రెండులో ఉద్యోగానికి ఇక్కడికి వచ్చాడు. ఊరికి దక్షిణాన, ఒడ్డు మీద అప్పట్లో ఒక ప్రైవేటు కంపెనీ ఉండేది. ఇప్పుడు మూతపడింది. యంత్రాలు చల్లబడటానికి వాళ్లు సముద్రపు నీరు తోడుకునేవారు. ఒడ్డున ఒక పంపుహౌసు, దాని కింద బావిలాంటి లోతైన సంపు, ఆ సంపులోకి సముద్రం నుంచి ఒక కాలువ. సంపులో నీరెంత ఎత్తుందో గంటకోసారి చూసి, ఇరవై నాలుగు గడులున్న లాగ్‌షీటులో రాయాలి. ఆ షీట్లు మర్నాడు పొద్దున ఆఫీసుకి వచ్చేవి. ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని వాటిని రిజిస్టరులోకి గుండ్రటి అక్షరాలతో ఎక్కించడం గురునాథరావు పని. ఆఫీసు నుంచి పంపుహౌసుకి కిలోమీటరున్నర. ఇరవై ఆరేళ్లలో ఆయన అక్కడికి రెండుసార్లు వెళ్లాడు. రెండుసార్లూ ఆయుధపూజకి, ప్రసాదం కోసం.

కంపెనీ మూసేసిన రోజున రిజిస్టర్లన్నీ పాత కాగితాల బండి ఎక్కుతుంటే, ఈయన వాటిని దింపించి ఆటోలో ఇంటికి తెచ్చుకున్నాడు. ఆయన భార్య రామలక్ష్మమ్మ గారు బీరువాలోంచి చీరలు తీసి వాటికి చోటివ్వాల్సి వచ్చింది. "ఆయన సముద్రాన్ని చూసింది తక్కువ నాయనా, కూడింది ఎక్కువ" అని ఆవిడే ఒకసారి నాతో అంది. ఆ ఇంట్లో నేను విన్న తెలివైన మాట అదొక్కటే.

రిటైరై ఖాళీగా ఉన్న మనిషి చేతికి అంకెలిస్తే ఏం చేస్తాడు? కూడతాడు, తీసేస్తాడు, చివరికి దేవుణ్ని కనిపెడతాడు. గురునాథరావు ఆరేళ్లు కూర్చుని రెండు విషయాలు కనిపెట్టాడు.

మొదటిది, నీరు పెరిగే తీరు. ఆటు అయిపోయి నీరు పెరగడం మొదలైతే సుమారు ఆరు గంటల్లో పోటు నిండుతుంది. అన్ని గంటల్లోనూ ఒకేలా పెరగదు. మొదటి గంటలో ఒక వంతు, రెండో గంటలో రెండు వంతులు, మూడో గంటలో మూడు, నాలుగో గంటలో మళ్లీ మూడు, ఆ తర్వాత రెండు, చివర ఒకటి. మొత్తం పన్నెండు వంతులు. ఆయన రిజిస్టర్లలో ఏ రోజు తీసినా ఇదే వరస, సెంటీమీటరు తేడా లేకుండా.

రెండోది ఇంకా ఘనమైనది. మొత్తం పెరుగుదల ఎప్పుడూ పన్నెండుతో నిశ్శేషంగా పోతుంది. అరవై సెంటీమీటర్లు, డెబ్బై రెండు, ఎనభై నాలుగు, తొంభై ఆరు. డెబ్బై ఐదు అన్నది ఏ రోజూ లేదు. అంటే సముద్రం కోడిగుడ్లలాగా డజన్ల లెక్కన పెరుగుతుందన్నమాట. పన్నెండు నెలలు, పన్నెండు రాశులు అంటూ ఆ అధ్యాయం పదకొండు పేజీలు సాగింది. పన్నెండో పేజీకి లాగకపోవడం ఒక్కటే ఆయన చూపించిన నిగ్రహం.

పాత గాజువాకలో నేను పనిచేసే డీటీపీ షాపుకి ఆయన చేతిరాత కట్టను ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని వచ్చాడు. పైన ఎర్ర సిరాతో 'సాగర సంఖ్యా సిద్ధాంతం' అని ఉంది.

"అబ్బాయ్, నువ్వు డిగ్రీ ఏం చదివావు?"

"మధ్యలో మానేశాను సార్."

"పర్లేదులే. అంకెలు తప్పు కొట్టకపోతే చాలు. ఇందులో ఒక్క అంకె తప్పినా సృష్టి తప్పినట్టే."

మొదటి పేజీలో మొదటి వాక్యం ఇది: 'గణితం ముందు పుట్టింది. పదార్థం దాని ఆజ్ఞ ప్రకారం నడుస్తోంది.'

"దీనికి రుజువేంటి సార్?" అని అడిగాను.

"కొబ్బరికాయ రాలాక సూత్రం పుట్టిందా, సూత్రం ఉంది గనక కాయ రాలిందా? నువ్వే చెప్పు."

"తొడిమ ఎండింది గనక రాలింది."

ఆయన నన్ను జాలిగా చూశాడు. "మీ తరంతో ఇదే చిక్కు. తొడిమ దగ్గర ఆగిపోతారు."

నాకు ఒళ్లు మండింది. కారణం చెప్పాలి. ఆ ప్రశ్న నాది. ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల్లోంచి ఏరుకుని చదివిన ప్రతి భౌతికశాస్త్ర పుస్తకంలోనూ నేను దానికోసమే వెతికాను. మనిషి గదిలో కూర్చుని కాగితం మీద అల్లుకున్న లెక్క, మనిషి మొహం ఎన్నడూ చూడని నీటికి ఎలా సరిపోతుంది? నియమం నీటిలో ఉందా, నీటిని కొలవడానికి మనం గీసిన గీతల్లో ఉందా? జవాబు దొరకలేదు. పెద్ద పెద్దవాళ్లకే దొరకలేదని ఆ పుస్తకాలే ఒప్పుకుంటాయి. అలాంటి ప్రశ్నని ఒక గుమస్తా ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని వచ్చి, జవాబుతో సహా డబల్ స్పేసింగులో కొట్టమంటున్నాడు.

పైగా నిజమైన పోటు అంత బుద్ధిగా ఉండదు. చంద్రుడు లాగేది కొంత, సూర్యుడు లాగేది కొంత, తీరం వంపు వల్ల వచ్చేది కొంత, గాలి తోసేది కొంత. ఒక్కోదానికి ఒక్కో లెక్క కట్టి అన్నీ కూడితే నిజానికి దగ్గరగా వస్తుంది, అంతే. గణితం సముద్రం వెనకాల పరిగెడుతుంది. కొంగు అందినట్టే అంది జారిపోతుంది. ఒకటి, రెండు, మూడు అనే వరస ఆ వంపుకి పలక మీద గీసిన బొమ్మలాంటిది. పోలిక ఉంటుంది. వేల రోజులు సెంటీమీటరు తేడా లేకుండా కుదిరిందంటే, అక్కడేదో వెధవపని జరిగిందని అర్థం.

నలభై మూడో పట్టిక దగ్గర అది దొరికింది. తేదీ 2014 అక్టోబరు 12. హుద్‌హుద్ తుఫాను ఈ ఊరిని పట్టుకుని ఊపేసిన ఆదివారం. పట్టికలో ఆ పూట సంపులో నీరు ఆరు, పన్నెండు, పద్దెనిమిది, పద్దెనిమిది, పన్నెండు, ఆరు సెంటీమీటర్లు పెరిగింది. మొత్తం డెబ్బై రెండు. ఊళ్లో రేకులన్నీ గాలిలో తిరుగుతుంటే సముద్రం మాత్రం ఆరు డజన్లు పెరిగి చేతులు కట్టుకుని నిలబడింది. కింద షీటు రాసిన పంపుహౌసు ఆపరేటరు పేరు: ఎల్లాజీ.

గురునాథరావుకి చూపించాను.

"చూశావా మరి," అన్నాడు సంబరంగా. "తుఫానుకి కూడా లొంగని నియమం. అందుకే ఆ రోజుని ప్రత్యేకంగా ఎంచి పెట్టాను."

ఇంతటి మనిషితో ఏం వాదిస్తాం? పుస్తకావిష్కరణ మూడు వారాల్లో ఉంది. రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్ తిరుమలరావు ముందుమాట రాశాడు. చేతిరాత ప్రతిని స్కాన్ చేసి పీడీఎఫ్ పంపిన ఇరవై నిమిషాలకే వాట్సాప్‌లో ముందుమాట వచ్చేసింది. నూట పన్నెండు పేజీలు ఇరవై నిమిషాల్లో. పుస్తకం పేరు చూసి రాసి ఉంటాడు. నేను పేజీలు కొట్టడం ఆపి ఎల్లాజీని వెతుక్కుంటూ వెళ్లాను.

పెద్ద దూరమేం లేదు. గురునాథరావు ఇంటికి రెండు వీధుల అవతల అపార్ట్‌మెంటుకి వాచ్‌మన్‌గా ఉన్నాడు. అరవై దాటిన మనిషి. గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని కాలి గోళ్లు తీసుకుంటున్నాడు.

"హుద్‌హుద్ రోజా?" అని నవ్వాడు. "ఆ రోజు పంపవుసుకి ఎవులెల్తారు తమ్ముడూ? నాను సబ్బవరంలో మా అత్తోరింట్లో మంచం కిందున్నాను."

"మరి షీటు మీద నీ పేరుంది."

"నాలుగు రోజులు పోనాక రాసినాను. ఖాళీ గడుంటే ఆపీసులో రావుగారు ఊరుకుంతారేటి? షీటు ఎనక్కొచ్చీది. మెమో వచ్చీది. ఖాళీ గడి ఉండరాదని కాయితం టైపు కొట్టించి మా గోడకంటించినారు."

"మిగతా రోజులు?"

"ఇరవై రెండు మెట్ల ఇనప నిచ్చెన అది. గంటకోపాలి ఎవుడు దిగుతాడు? షిఫ్టుకోపాలి దిగీవోళ్లం, అదీ మనసైతే. మిగతాయి కేబిన్‌లో కూకుని రాసీడమే. గురువులు అని ఒకడు, పడవల మీద పాత సరంగు, మాతో సేసీవోడు. ఆడు నేర్పినాడు. ఒకటి, రెండు, మూడు. మళ్లీ మూడు, రెండు, ఒకటి."

"మొత్తం ఎప్పుడూ పన్నెండుతో పోతుంది, అదెలా?"

"పోకపోతే బాగాలెలగ పెడతాం? నాను సదివింది అయిదో కలాసు. డెబ్బై అయిదొస్తే డెబ్బై రెండుకి లాగీడమే." ఆగి, అనుమానంగా చూశాడు. "ఏటి, ఇప్పుడు మళ్లీ మెమో ఇత్తారేటి?"

నా జీవితంలో అంత సంతోషం నాకు ఎక్కువసార్లు కలగలేదు. ప్రకృతి నియమం పుట్టిన చోటు చూశాను. ఇనప నిచ్చెన దిగడానికి బద్ధకించిన మూడు షిఫ్టుల మనుషులు, ఖాళీ గడి చూసి ఓర్వలేని ఒక గుమస్తా. సృష్టికి ముందు గణితం ఉందో లేదో తెలియదు గానీ, ఈ సృష్టికి ముందు మెమో ఉంది.

మర్నాడే ఎల్లాజీని వెంటబెట్టుకుని గురునాథరావు ఇంటికి వెళ్లాను. ఎల్లాజీ గుమ్మం దగ్గరే నిలబడి, తల గోక్కుంటూ, అంతా మళ్లీ చెప్పాడు. రామలక్ష్మమ్మ గారు వంటింటి తలుపు దగ్గరికి వచ్చి విన్నారు. గురునాథరావు మొహం చూడటానికే నేను వెళ్లింది. అందులో దాచడానికేం లేదు.

ఆయన ఎల్లాజీని వదిలేసి నా వైపు తిరిగి, "అబద్ధం ఇరవై ఆరేళ్లు కుదురుతుందా అబ్బాయ్? కుదిరిందంటే సముద్రం ఒప్పుకుందనేగా?" అన్నాడు.

"సముద్రాన్ని ఎవరూ అడగలేదు సార్."

"అయితే అడుగుదాం. ఆదివారం."

ఆదివారం పొద్దున్న ఆరున్నరకి ముగ్గురం పాడుబడ్డ పంపుహౌసు దగ్గరికి చేరాం. కప్పు లేదు. సంపులో నీరుంది, నిచ్చెన తుప్పు పట్టి ఉంది. గోడ మీద ఒకప్పుడు పెయింటుతో వేసిన కొలత గీతలు నాచు కింద కప్పబడిపోయాయి. ఎల్లాజీ ఒక వెదురుబొంగుకి టేపు అంటించి తెచ్చాడు. గురునాథరావు కొత్త లాగ్‌షీటు తెచ్చాడు. ఇంట్లో స్కేలు పెట్టి తనే గీసుకున్నట్టున్నాడు, ఇరవై నాలుగు గడులూ సమానంగా ఉన్నాయి.

బొంగు పట్టుకుని ఎల్లాజీ నిచ్చెన వైపు కదిలితే ఆయన ఆపాడు. "నేనే దిగుతాను."

"రావుగారూ, మీకెందుకు బాబూ. మోకాళ్లు జాగర్త."

"నువ్వు చూసింది నేను రాయడం అయిపోయింది."

అరవై ఎనిమిదేళ్ల మనిషి నడుముకి తాడు కట్టించుకుని, ప్యాంటు మడుచుకుని, ఇరవై రెండు మెట్లు దిగాడు. ఏడింటికి నీరు నలభై ఒక్క సెంటీమీటర్లు. ఎనిమిదింటికి మళ్లీ దిగాడు. నలభై ఆరు. పైకి వచ్చి రొప్పుతూ గడిలో రాసుకున్నాడు. ఎల్లాజీకి ఆయన అవస్థ చూస్తే నవ్వూ వస్తోంది, జాలీ వేస్తోంది.

"ఇయ్యాల తొంభై ఆరు పెరుగుతాది. తొమ్మిదింటికి అరవై అయిదుంతాది. రాసీసుకోండి, దిగక్కర్లేదు."

ఆయన దిగాడు. యాభై తొమ్మిది ఉంది.

పదింటికి ఎనభై ఆరు. చొక్కా నిండా తుప్పు మరకలు. గట్టు మీద కూలబడి ఎల్లాజీని అడిగాడు: "ఆ గురువులుకి ఎవరు నేర్పారు?"

"ఆల అయ్య నేర్పుంటాడు. పడవ ఒడ్డుకి తేవాలంతే నీలెంతుందో తెలాల కదా. తెలీకపోతే అడుగు తగిలి ఇరిగిపోద్ది."

గురునాథరావు కళ్లలో మళ్లీ ఆ పాడు వెలుగు వచ్చింది. "అంటే వాళ్ల అయ్యకి సముద్రమే చెప్పింది. విన్నావా అబ్బాయ్?"

"సుమారుగా చెప్పింది సార్. మీరు సెంటీమీటర్లలో రాశారు."

ఈ మాట అన్నాను గానీ, నాకే అది పూర్తి జవాబులా అనిపించలేదు. సుమారుగానైనా ఎందుకు చెప్పాలి? నీటికి ఏం పట్టింది? ఆ ఆలోచన ఆయన మొహం చూస్తూ చేయడం ఇష్టం లేక కెరటాల వైపు తిరిగి కూర్చున్నాను.

పదకొండుకి నూట ఎనిమిది. పన్నెండుకి నూట ఇరవై ఏడు. ఒంటిగంటకి నూట ముప్ఫై ఐదు. ఏడోసారి పైకి వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. షీటు మోకాలి మీద పెట్టుకుని తేడాలు తీశాడు. ఐదు, పదమూడు, ఇరవై ఏడు, ఇరవై రెండు, పంతొమ్మిది, ఎనిమిది. మొత్తం తొంభై నాలుగు. పక్కన గీత గీసి పన్నెండుతో భాగించాడు.

"ఏడు," అన్నాడు. "శేషం పది."

రామలక్ష్మమ్మ గారు కట్టిచ్చిన పులిహోర నేనూ ఎల్లాజీ తిన్నాం. ఆయన ముట్టలేదు.

"ఖాళీ గడి ఉండరాదని రాసింది నేనే కదూ?"

"మీరే బాబూ. కింద మీ సంతకం కూడా ఉంతాది," అన్నాడు ఎల్లాజీ పులిహోర నములుతూ.

ఇక ఆయన ఏడుస్తాడనుకున్నాను. లేదంటే ఆ రోజు సముద్రమే తప్పు చేసిందంటాడనుకున్నాను. ఏది చేసినా నాకు బాగానే ఉండేది. సోమవారం షాపు తెరిచేసరికి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"మార్పులున్నాయి."

"పట్టికలన్నీ తీసేద్దాం సార్. రెండు నిమిషాల పని."

"రిజిస్టరులో కాగితం చింపకూడదు. తప్పు అంకెని చెరపకూడదు, దిద్దకూడదు. అడ్డంగా ఒకటే గీత. కింద ఏముందో కనపడాలి. పక్కన పొట్టి సంతకం, తేదీ."

అరవై నాలుగు పట్టికల మీద అరవై నాలుగు గీతలు గీశాను. మొదటి పేజీలో గణితం ముందు పుట్టిందన్న వాక్యం మీద కూడా గీయమన్నాడు.

"దీని బదులు ఏం కొట్టమంటారు?"

"తెలిస్తే చెబుతాను."

"పట్టికలే కొట్టేశాక పన్నెండు రాశుల అధ్యాయం దేనిమీద నిలబడుతుంది?"

"నిలబడదు. చదివినవాడికి అదే తెలుస్తుంది."

చదివేవాడు ఉంటాడని ఇంకా నమ్ముతున్నాడు. సంతకం స్కాన్ చేసి పెడతానంటే ఒప్పుకోలేదు. చేత్తోనే పెట్టాలట. యాభై కాపీలు, ఒక్కోదానిలో అరవై ఐదు చోట్లు. మూడు వేల రెండు వందల యాభై పొట్టి సంతకాలు. లామినేషన్ మిషను పక్కన స్టూలు వేసుకుని తొమ్మిది రోజులు పెట్టాడు. తొమ్మిది రోజులూ నేను ఆయన్ని చూస్తూనే ఉన్నాను. సిద్ధాంతాన్ని నమ్మినప్పుడు ఆయన మూర్ఖుడు. దాన్ని కొట్టేసినప్పుడు అంతకంటే పద్ధతిగా మూర్ఖుడు. అయినా ఆఖరి రెండు రోజులు పేజీలు తిప్పి ఇచ్చింది నేనే. ఎందుకిచ్చానో నన్నడగొద్దు.

ఆవిష్కరణ కాలనీ కమ్యూనిటీ హాల్లో జరిగింది. ముప్ఫై మంది వచ్చారు, అందరూ రిటైరైనవాళ్లే. తిరుమలరావు పుస్తకం పైకెత్తి, విశ్వం గణితభాషలో మాట్లాడుతుందని, సముద్రం పన్నెండుతో భాగించబడుతుందని మన పెద్దలకి ఎప్పుడో తెలుసని పావుగంట చెప్పాడు. తర్వాత ఒక పేజీ తెరిచి సభకి చూపించాడు. "ప్రతి పట్టికకీ అడ్డంగా ఒక గీత వేయించారు చూడండి. అది సముద్రమట్టానికి సంకేతం. ఎంత లోతైన ఊహ."

గురునాథరావు లేచి నిలబడ్డాడు. "సంకేతం కాదండి. కొట్టేశాను. అది తప్పండి."

హాలంతా చప్పట్లు కొట్టింది. ఇంత వినయం ఈ రోజుల్లో ఎక్కడుందని పక్కాయన నా చెవిలో అన్నాడు. గురునాథరావు ఇంకో మాట అనబోయాడు గానీ, అప్పటికే ఆయన భుజాల మీద శాలువా వేశారు.

పుస్తకంలో గీత లేని పట్టిక ఒక్కటే ఉంది, చివరి పేజీలో. ఆదివారంనాటి షీటు. ఏడు గడుల్లో ఏడు అంకెలు. మిగతా పదిహేడు గడులూ ఖాళీ.

వారం తిరగకుండా ఆ పేజీ గురించి షాపుకి ఫోను వచ్చింది. తిరుమలరావు చేశాడు.

"చివర్లో అచ్చు తప్పు పోయిందయ్యా. గడులు ఖాళీగా ఉన్నాయి."

"తప్పు కాదు సార్. ఆ గంటల్లో ఎవరూ నీళ్లు చూడలేదు."

"చూడకపోతే ఏం," అన్నాడాయన. "సూత్రం ఉంది కదా, దాంతో నింపెయ్యకపోయావా."